ఇద్దరమే అన్న ఇల్లు

నిద్రలో తప్ప చిటపట నోరు మూసుకుని ఉండే సమయం ఈ భూమ్మీద ఒకటే ఉంది, అది ఇదిగో, ఈ గంట. కుక్కని కొత్త ఇంటికి తీసుకొచ్చి, మెడతాడు విప్పేసి, హాల్లో ఓ మూల కుర్చీలో బస్తాలా కూలబడాలి. మాట్లాడకూడదు, కుక్కని పిలవకూడదు, దాని కళ్ళలోకి చూడకూడదు, ఇంటివాళ్ళు ఏమడిగినా గంటయ్యాకే జవాబు. షెల్టర్ నడిపే డాక్టరమ్మ పెట్టిన రూలు. "నువ్వు నోరు విప్పావంటే అది నీ మొహమే చూస్తుందమ్మా, ఇంటిని చూడదు. దాన్ని చూడనియ్యి" అంటుందావిడ, ఏదో తను మాత్రం జీవితంలో నోరు విప్పనట్టు. ఆ డాక్టరమ్మని పట్టుకొచ్చి ఈ పేము కుర్చీలో కూర్చోబెట్టాలి, తొడల మీద గళ్ళు గళ్ళుగా అచ్చు పడేదాకా కూర్చోబెట్టి, ఎదురుగా ఈ ఇల్లాలిని నిలబెట్టాలి, అప్పుడు చూద్దాం ఏ రూలు ఎంతసేపు నిలబడుతుందో. ఎందుకంటే ఈ ఇల్లాలు తలుపు తీసీ తియ్యగానే అన్న మొదటి మాట, "అయ్యో, ఫోటోలో సన్నగా ఉందే!" అని. ఫోటోలో ఉన్నది మొహమొక్కటే తల్లీ. మొహం ఎవరికైనా సన్నగానే ఉంటుంది. నీ మొహం ఒక్కటే చూసి నీ వెనక ఇంత ఇల్లుందనీ, ఇన్ని కుండీలున్నాయనీ, ఇన్ని గాజు బొమ్మలున్నాయనీ, ఒక్కదాన్ని తోకతో కొడితే కింది అంతస్తులన్నిటికీ వినిపిస్తుందనీ ఎవరనుకుంటారు?

అనలేదు. మింగింది. చిటపట మింగిన మాటలన్నీ కడుపులో పోగుపడితే ఈపాటికి దాన్ని కూడా ఫోటోలో సన్నగా ఉందే అనేవాళ్ళు. అసలు పేరేదో వాళ్ళమ్మకి తెలిసుండాలి, షెల్టర్లో మాత్రం మనుషులకీ కుక్కలకీ అది చిటపటే, కాగిన నూనెలో ఆవాలేసినట్టు మాట్లాడుతుందని. కుక్క పేరు దొరసాని. ఎడమ చెవి సగమే ఉంటుంది, మిగతా సగం ఏ వీధిలో వదిలేసిందో దానికే తెలియాలి. మూతి నెరిసిపోయింది, నడుము కాస్త పక్కకి జరిగింది, అయినా రోడ్డు దాటితే లారీలు వాటంతటవే ఆగాలన్నట్టు నడుస్తుంది, నిజంగానే ఓసారి ఒక లారీ ఆగింది, డ్రైవరు దిగి నమస్కారం పెట్టాడని చిటపట అందరికీ చెబుతుంటుంది, నమస్కారం పెట్టింది నీకా కుక్కకా అని ఎవరూ అడగరు. ఇప్పుడా దొరసాని హాలు మధ్యలో, మెత్తటి తివాచీకి ఒక అడుగు ఇవతల, ఉత్త నేల మీద కూర్చుంది. తివాచీ మీదికి వెళ్ళలేదు. ఎవరూ వద్దనలేదు, అయినా వెళ్ళలేదు. అది చూస్తే చిటపటకి ఒళ్ళు మండింది. వెళ్ళవే, వెళ్ళి పడుకో, పొర్లు, వెంట్రుకలు రాల్చు, ఇది నీకు దొరికిన ఇల్లు కదా, ఇక్కడ కూడా మర్యాదేంటి నీకు? మర్యాద చూసి మురిసిపోయే మొహాలా ఇవి? రెండు ఇళ్ళు నేర్పిన మర్యాద అది. తిరిగొచ్చిన కుక్కలకే ఉంటుంది ఈ మర్యాద, కుక్కపిల్లలకి ఉండదు. కుక్కపిల్ల వస్తూనే చెప్పు కొరుకుతుంది, ఎవరి చెప్పు అని అడగదు.

మొదటి ఇంటివాళ్ళు కాపలా కోసం తీసుకెళ్ళారు. వర్షాకాలం వచ్చేలోపే తిరిగి తెచ్చి గేటు దగ్గర వదిలారు. "మొరగదండీ. దొంగొచ్చినా మొరగదు" అన్నాడా పెద్దమనిషి. దొంగొచ్చాడా అని అడిగింది చిటపట. రాలేదట. రాని దొంగని చూసి మొరగలేదని తిరిగిచ్చేశాడు మహానుభావుడు. వచ్చి, ఓ కప్పు టీ తాగి, ఇదిగో వెళ్తున్నానని చెప్పి వెళ్ళే దొంగ కావాలా నీకు, అప్పుడు మొరుగుతుంది, అంది చిటపట. అప్పుడు గంట రూలు లేదు కదా, చాలా చాలా అంది, అతను కారు తలుపు మూసుకున్నాక కూడా అద్దంలోంచి అంది. రెండో ఇంటివాళ్ళు మొరుగుతోందని తిరిగిచ్చారు. టీవీలో ఎవరైనా ఏడిస్తే మొరుగుతుందట, రోజూ సాయంత్రం ఆ ఇంటి టీవీలో ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉంటారు, అందరూ ముక్కు తుడుచుకునే సరిగ్గా ఆ సమయానికి ఇది భౌ మంటుంది. అది మొరగడం కాదండీ, అభిప్రాయం అంది చిటపట. వినలేదు. ఇంకొకాయన ఇంకో కుక్కని ఎందుకు తెచ్చిచ్చాడంటే, తను తింటుంటే తననే చూస్తోందట. మరి ఏం చూడాలి, గోడ మీద బల్లినా? ఒకావిడ వెంట్రుకలు రాలుతున్నాయంది, ఆవిడ జడ చూస్తే ఆ ఇంట్లో ఎవరి వెంట్రుకలు ఎక్కువ రాలుతున్నాయో చిటికెలో చెప్పెయ్యొచ్చు. వచ్చే ప్రతివాళ్ళకీ ఒకటే కోరిక. మొరక్కూడదు, రాలకూడదు, వాసన రాకూడదు, ఎక్కువ తినకూడదు, పిలిస్తే రావాలి, పిలవకపోతే కనపడకూడదు. వీళ్ళకి కావలసింది కుక్క కాదు, కుక్క బొమ్మున్న తలగడ. తలగడ కొనుక్కోండి, పోండి.

రెండోసారి తిరిగొచ్చాక దొరసాని తిండి మానేసింది. మానేసి, గోడకి మూతి ఆనించి పడుకుంది. గోడలో ఏదో ఉన్నట్టు, గోడే తనకి దొరికిన కొత్త ఇల్లయినట్టు, అలా ఎన్నాళ్ళో. చిటపట వెళ్ళి గోడకీ కుక్కకీ మధ్య దూరి కూర్చునేది, అన్నీ తిట్టేది, నిన్ను తెచ్చిచ్చినవాళ్ళ ఇంట్లో ఫ్యాన్ ఊడిపడ, లిఫ్టు మధ్యలో ఆగిపోను, సబ్బు కంట్లో పడ్డప్పుడే కుళాయి ఆగిపోను అని, ఒక్కో తిట్టుకీ కుక్క ఉన్న సగం చెవీ కొంచెం లేచేది. అలా తిట్లు తినిపించి తినిపించి మామూలు తిండికి తెచ్చింది. అందుకే డాక్టరమ్మ నిన్న పిలిచి కూర్చోబెట్టి మెత్తగా చెప్పింది, ఆవిడ మెత్తగా మాట్లాడితే భయం. "ఇదే ఆఖరిసారే. మళ్ళీ తిరిగొస్తే దాని గుండె తట్టుకోదు. ఈ ఇల్లు సరైనదని నీకనిపిస్తేనే ఇవ్వు. అనిపించకపోతే తీసుకొచ్చెయ్, వెనక వరసలో పెడదాం." వెనక వరస అంటే రేకుల షెడ్డు. తిండి ఉంటుంది, మందులుంటాయి, ఎండపొడ తగులుతుంది. ఆదివారం పొద్దున్నే వచ్చి బోనుల ముందు వంగి వంగి చూసే జనం మాత్రం అక్కడిదాకా రారు, వాళ్ళని అక్కడికి తీసుకెళ్ళరు. ఇక దాన్ని ఎవరికీ చూపించరు. అక్కడి కుక్కలు అడుగుల చప్పుడు విన్నా తల ఎత్తవు. అదొక్కటే చిటపటకి చచ్చినా పడదు. మొరిగినా, కరిచినా, మీద పడినా పరవాలేదు గానీ, తల ఎత్తకపోవడం ఏంటి?

పోనీ తనే తీసుకెళ్దామంటే, చిటపట ఉండేది ఒక్క గది, ఆ గది ఓనరు గోడ మీద కుక్క బొమ్మున్న క్యాలెండరు కూడా దింపించేశాడు. నవ్వుతూనే దింపించాడు, అందుకే ఇంకా కోపం. జేబులో ఫోను గుర్రుమంది. అమ్మే అయ్యుంటుంది. ఇంకెవరు చేస్తారు ఈ టైముకి. "నీకు సంబంధాలు చూడాల్సిన వయసులో నువ్వు కుక్కలకి సంబంధాలు చూస్తున్నావు కదే" అంటుంది రోజూ, అదే మాట, ఒక్క అక్షరం మార్చదు. అవునమ్మా, చూస్తున్నాను, నయమే కదా, కుక్కలైతే మనిషి మంచిదా కాదా అని వాసన చూస్తాయి, నువ్వు ఉద్యోగం చూస్తావు. ఫోను తియ్యలేదు. తీస్తే మాట్లాడాలి.

ఇంటాయన సోఫా అంచున కూర్చుని, కాళ్ళకి కొత్త బూట్లతో, ఇంట్లోనే. ఆ బూట్లకి ఇంకా దారంతో అట్టముక్క వేలాడుతోంది. షుగరు వచ్చిందట ఈయనకి. రోజూ నడవమన్నాడట డాక్టరు. ఒక్కడే నడిస్తే బద్ధకంగా ఉంటుందని ఎవరో కుక్కని పెట్టుకోమన్నారట. అంటే మా దొరసాని ఈయనకి మాత్రన్నమాట. పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, తిన్నాక. మరి షుగరు తగ్గితే? తగ్గితే మందు ఆపేస్తారా? ఎప్పుడో ఓ ఆదివారం వచ్చి, మొరుగుతోందనో మొరగట్లేదనో కాకుండా, తగ్గిందండీ అని ఇచ్చేసి పోతారా? "ఇది పరిగెడుతుందా అమ్మా?" అని అడిగాడాయన. చిటపట గడియారం వైపు వేలు చూపించింది. "ఓ సారీ సారీ, రూలు కదా" అని ఆయన కూడా నోటి మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు, చిన్నపిల్లాడిలా. నిజానికి చెడ్డవాడేం కాదు. అదే చిరాకు. చెడ్డవాడైతే ఎంత హాయిగా ఉండేది, తాడు కట్టేసి లేచి వచ్చేసేది కదా. ఇల్లాలు కూడా చెడ్డది కాదు, పళ్ళెంలో బిస్కెట్లు పెట్టింది, కుక్కకి గిన్నెలో నీళ్ళు పెట్టింది, గిన్నె కింద గుడ్డ కూడా వేసింది నేల తడవకుండా. మంచివాళ్ళే. ప్రపంచంలో కుక్కల్ని తిరిగిచ్చేవాళ్ళందరూ మంచివాళ్ళే. చెడ్డవాళ్ళు అసలు తీసుకోనే తీసుకోరు కదా.

దొరసాని లేచింది. లేచి ఒళ్ళు విదిల్చింది. ఒక్క వెంట్రుక ఎగిరి ఎండలో తేలుతూ తేలుతూ వెళ్ళి గాజు బల్ల మీద వాలింది, ముగ్గురూ దాన్నే చూశారు, ఇల్లాలు చూపుతోనే దాన్ని తుడిచేసింది. కుక్క మూతి నేలకి ఆనించి నడక మొదలెట్టింది. ఇంటాయన బూట్లు దాటింది. ఆయన చెయ్యి చాచాడు, వాసన చూసి, పరవాలేదులే అన్నట్టు ముందుకెళ్ళింది. ఇల్లాలి చీర అంచు దాటింది. వంటగది గుమ్మం దాటింది, అక్కడ తినేవి ఉన్నాయి, అయినా ఆగలేదు. చిటపట వెన్ను నిటారయింది. ఎందుకంటే అది ఊరికే తిరగడం కాదు, దేన్నో వెతుకుతున్న నడక. అప్పుడు గుర్తొచ్చింది దుప్పటి.

షెల్టర్లో ఇంకో పద్ధతి ఉంది. కుక్కని తీసుకెళ్ళబోయే ఇంటినుంచి ముందే ఒక వాడిన బట్ట తెప్పిస్తారు, ఓ వారం కుక్క బోనులో పరుస్తారు, ఆ ఇంటి మనుషుల వాసన దానికి అలవాటవ్వాలని. వాడిన బట్ట అని గొంతు చించుకుని చెప్పినా, ఈ ఇల్లాలు ఉతికి, ఇస్త్రీ చేయించి, నాలుగు మడతలేసి, కాగితం సంచిలో పెట్టి పంపింది, పెళ్ళికి బట్టలు పెట్టినట్టు. చిటపట మండిపడి తిప్పి పంపింది. రెండోసారి వచ్చింది దుప్పటి, దాన్ని ఇంకొకసారి ఉతికారు, ఇంకాస్త సువాసన పోశారు, మొదటిది సరిగ్గా ఉతకలేదని మేం అలిగామనుకున్నట్టున్నారు. మురికి బట్ట బయటికి పంపడం ఆవిడ వల్ల కాదు, పరువు పోతుంది. సరే తగలడనీ అని పరిచేసింది చిటపట. తీరా చూస్తే దొరసాని ఆ దుప్పటి వదల్లేదు. మడతల్లోకి మూతి దూర్చి పడుకునేది. దీనికి సబ్బు వాసన నచ్చినట్టుంది, ఇంత చేసీ చివరికి ఇది వాషింగ్ మెషీన్‌తో కాపురం చేస్తుందేమో అని అందరూ నవ్వారు. కానీ చిటపట ఓసారి తనూ మూతి పెట్టి చూసింది. సబ్బు కింద, సువాసన కింద, ఎక్కడో అడుగున, ఘాటుగా నొప్పుల మందు వాసన. ఎవరి నడుముకో మోకాలికో రాసే మందు. ఈయనకా? షుగరు కదా ఈయనకి. ఈవిడకా? ఈవిడ హాల్లో ఇంతసేపు తిరిగింది, మల్లెపూల సెంటు తప్ప ఇంకేం రాలేదు.

వెనకవైపు నుంచి గొంతు వినిపించింది. ఆడగొంతు. ఎవరితోనూ మాట్లాడి చాలా రోజులైన గొంతులా కాస్త గరగరగా.

"ఎవరే నువ్వు? దారి తప్పొచ్చావా? హాలు అటు. మంచివాళ్ళంతా అటుంటారు."

చిటపట ఇల్లాలి వైపు చూసింది. ఇల్లాలు బిస్కెట్ల పళ్ళెం సర్దింది. సర్దిన పళ్ళేన్నే మళ్ళీ సర్దింది. "మా వదిన. మా ఆయన అక్కయ్య" అంది గొంతు తగ్గించి. ఇద్దరమే అన్నారు కదా! ఇంట్లో ఎంతమంది అని డాక్టరమ్మ ఫోన్‌లో అడిగితే ఇద్దరమే అన్నారు, చిటపట పక్కనే ఉంది, స్పీకర్లో విన్నది, ఇద్దరమేనండీ, ప్రశాంతంగా ఉంటుంది అన్నారు. మాట్లాడని మనిషి కనిపిస్తే జనం కడుపులో ఉన్నదంతా దాని ముందే కక్కేస్తారు, గోడకి చెప్పుకున్నట్టు, ఇల్లాలూ అంతే, ఎవరూ అడక్కుండానే మొదలెట్టింది. పెళ్ళయిన కొత్తల్లోనే అత్తగారింటివాళ్ళు తెచ్చి దిగబెట్టేశారట. ఎందుకంటే ఏమో, సరిపడలేదన్నారట. తర్వాత కొన్నేళ్ళు చిన్న తమ్ముడింట్లో ఉందట, అక్కడ ఇల్లు ఇరుకైందని ఇక్కడికి పంపారట. "లెక్కలో చెప్పకపోవడం ఏం లేదమ్మా, ఆవిడ హాల్లోకి రాదు, బట్టలూ అవీ చూసుకుంటూ వెనకాలే ఉంటుంది. మా వదిన చాలా మంచిది. ఇంట్లో ఉన్నట్టే తెలీదు."

ఉన్నట్టే తెలీదు. పొగడ్త అది. ఆవిడ మొహంలో నిజంగానే ప్రేమ ఉంది ఆ మాట అంటున్నప్పుడు. చిటపట కుర్చీ చేతుల్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే పేము కిర్రుమంది, ఇంకొంచెం ఉంటే కుర్చీ దానంతటదే లేచి ఆవిడని తన్నేది. ఉన్నట్టే తెలియని మనిషి. మొరగదు, రాలదు, అడగదు, పిలిస్తే వస్తుంది. రెండిళ్ళు తిప్పి మూడో ఇంట్లో పెట్టారు, కింద గుడ్డ వేసి. తిడదామంటే గంట కాలేదు. గడియారంలో పెద్దముల్లు కదలడం మానేసి ఎక్కడికో టీకి వెళ్ళినట్టుంది. రూలులో కుర్చీలోంచి లేవకూడదని లేదు కదా. లేచింది. లేచి వంటగది పక్క సందులోంచి వెనక్కి నడిచింది, ఇల్లాలు వెనకాలే, "అబ్బే అక్కడంతా తడిగా ఉంటుందమ్మా" అంటూ.

బట్టలుతికే వసారా. వాషింగ్ మెషీన్, బకెట్లు, తీగ మీద చొక్కాలు, ఓ పక్కన మడత మంచం, మంచం మీద మడతపెట్టిన బట్టల గుట్ట, గుట్ట పక్కన నొప్పుల మందు సీసా. వాళ్ళిద్దరి బట్టలకీ విడిగా అలమరాలున్నాయేమో గానీ ఈవిడ బట్టలు మంచం కింద పెట్టెలోనే ఉన్నట్టున్నాయి, మూత సగం తెరిచి ఉంది. స్టూలు మీద వదిన కూర్చుంది. నెరిసిన జుట్టు ముడేసుకుంది, చేతివేళ్ళు నీళ్ళలో నాని నాని తెల్లగా ముడతలు పడ్డాయి. పెద్ద దుప్పటి ఒకటి ఒళ్ళో వేసుకుని ఒక్కతే మడతపెట్టబోతోంది, అది ఒక్కళ్ళు మడతపెట్టే పని కాదు, రెండు అంచులూ ఇద్దరు పట్టుకోవాలి. దొరసాని రెండో అంచు మీద కూర్చుంది.

"లేవే. లేవవా? తొక్కావంటే మళ్ళీ ఉతకాలి, చెప్తున్నా." కుక్క లేవలేదు. ఇంకొంచెం ముందుకు జరిగి గడ్డం ఆవిడ పాదం మీద పెట్టింది. ఆవిడ పాదం కదల్చలేదు. ముట్టుకోనూ లేదు. "సర్లే. ఎలాగూ ఉతికేదేగా" అంది. ఆ తర్వాతే చూసింది గుమ్మంలో చిటపటని. "నువ్వేనా అమ్మా దీన్ని తెచ్చింది? మాట్లాడవేం?"

"గంటదాకా మాట్లాడకూడదట వదినా. వాళ్ళ రూలు" అంది వెనకనుంచి ఇల్లాలు.

"ఓ. గంటేనా" అంది వదిన, అంతే, మళ్ళీ దుప్పటి వైపు తిరిగింది.

గంటేనా! చిటపటకి ఇప్పుడు ఎవరి మీద కోపమో తెలియడం మానేసింది. ఇల్లాలి మీద, బూట్లాయన మీద, గడ్డం పెట్టిన కుక్క మీద, పాదం తియ్యని మనిషి మీద, ఏమీ తెలియకుండా ఇద్దరమే అన్న మాట నమ్మేసిన డాక్టరమ్మ మీద. కుక్కా ఆవిడా ఇద్దరూ ఇద్దరే, ఎంత చక్కగా కుదిరారో చూడు, ఒకరికొకరు! ఇచ్చెయ్యనా? ఇస్తే దొరసాని ఇక ఎక్కడికీ పోనక్కర్లేదు, ఆ పాదం దగ్గర బతుకంతా పడుంటుంది. పడుండటమే! ఈ వసారాలో, ఈ తడిలో, రేకుల షెడ్డుకీ దీనికీ తేడా ఏంటి, ఇక్కడికి కూడా ఆదివారం ఎవరూ రారు. అక్కడైతే కనీసం చిటపట వచ్చి తిడుతుంది. ఇవ్వకపోతే? ఇవ్వకపోతే ఆ పాదం కింద గడ్డాన్ని తనే లాగాలి, తన చేతులతోనే లాగాలి. ఇంతవరకూ వేరేవాళ్ళు తిరిగిచ్చారు. ఈసారి చిటపట తిరిగిచ్చినట్టు.

ఇంటాయన కూడా వచ్చి సందులో నిలబడ్డాడు. భార్యాభర్తలు గుసగుసగా తేల్చేసుకుంటున్నారు, ఈ మూగపిల్లకి వినపడదన్నట్టు. "మంచిదేలెండి. హాల్లోకి రాకుండా ఇక్కడే ఉంటే సోఫాలూ అవీ పాడవ్వవు. వదినకీ కాలక్షేపం" అని ఆవిడ. "మరి నా వాకింగ్?" అని ఆయన. "రెండు పూటలా మీరొచ్చి తీసుకెళ్ళండి, మళ్ళీ తెచ్చి ఇక్కడ కట్టేస్తే సరి." వదిన వేళ్ళు ఆగాయి, ఓ క్షణమే. మళ్ళీ మడతలో పడ్డాయి.

హాల్లో గడియారం కొట్టింది.

చిటపట నోట్లో తిట్లు వరసకట్టి, తోసుకుని, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ నిలబడి ఉన్నాయి, గంటసేపు పోగేసిన సరుకంతా. అన్నీ ఒక్కసారే గుమ్మంలో ఇరుక్కుపోయి, ఒకే ఒక్కటి సందు చేసుకుని బయటపడింది.

"ఇవ్వను."

"అదేంటమ్మా, కుక్క బానే ఉందిగా!" అన్నాడు ఇంటాయన.

"కుక్క బానే ఉంది. ఇంట్లో ఎంతమంది అంటే ఇద్దరమే అన్నారు మీరు. మా దొరసాని వచ్చీ రాగానే మీ ఇద్దర్నీ దాటుకుని వచ్చి ఎవరి దగ్గర కూర్చుంది?"

"మా వదిన దగ్గర. అయితే ఏంటిప్పుడు?" అంది ఇల్లాలు.

"ఆవిడ ఉన్నట్టా, లేనట్టా?"

"అయ్యో, అది ఊరికే, చెప్పేటప్పుడు…"

"లేని మనిషికి కుక్కనెలా ఇస్తాం ఆంటీ?"

ఇల్లాలి మొహం ఎర్రబడింది. మిగతాదంతా ఎలా ఉన్నా ఆంటీ అన్నది మాత్రం సూటిగా తగిలింది. చిటపట తాడు పట్టుకుని వంగింది. కొక్కెం మెడపట్టీకి తగలబోతుంటే, మధ్యలో తెల్లగా నానిన చెయ్యొకటి అడ్డం వచ్చింది.

"తమ్ముడూ" అంది వదిన, కుక్క మీద నుంచి చూపు తియ్యకుండానే. "ఎంతమందిమో చెప్పరా ఆ అమ్మాయికి."

ఇంటాయన భార్య వైపు చూశాడు. మెషీన్ వైపు చూశాడు. బూటుకి వేలాడుతున్న అట్టముక్క వైపు చూశాడు. పన్ను పీకించుకుంటున్నవాడిలా మొహం పెట్టి, "ముగ్గురం" అన్నాడు.

అయితే? ముగ్గురన్నంత మాత్రాన? నోటితో అంటే అయిపోతుందా? చిటపట తాడు వదల్లేదు. "మీరు చెప్పండి. దీన్ని మీరు పెట్టుకుంటారా?" అంది ఆవిడతోనే.

వదిన ఒళ్ళోని దుప్పటి పక్కకి నెట్టింది. "నాకేం కావాలో అడిగితే టక్కున చెప్పడం రాదమ్మా, అలవాటు పోయింది. దీన్ని రెండు పూటలా బయటికి తీసుకెళ్ళాలి కదా?"

"తీసుకెళ్ళాలి."

"ఏ టైములో పడితే ఆ టైములో అడుగుతుంది కదా?"

"దీనికి టైమేంటండీ, దీని పేరే దొరసాని."

"అయితే నాకు తాళం చెవి కావాలి" అంది వదిన.

వసారాలో తీగ మీది చొక్కాలు కూడా కదలడం మానేశాయి. "నీకెందుకు వదినా ఆ బాదరబందీ?" అంది ఇల్లాలు, నిజంగానే అర్థం కాక. "మేం ఆఫీసులకి పోతూ గ్రిల్లుకి బయట తాళం వేసే పోతున్నాం కదా. నువ్వు లేచి తలుపు వేసుకునే పని కూడా లేకుండా." అన్నాక ఆ మాట తన చెవికే ఎలా వినపడిందో, ఆగిపోయింది. ఏళ్ళు. ఏళ్ళ తరబడి, పొద్దున తాళం వేసి, సాయంత్రం తీసి. మంచివాళ్ళు. చిటపట తాడుని చేతికి ఒక చుట్టు చుట్టుకుంది, ఇంకో చుట్టు చుట్టుకుంది, గోడకి ఆనుకుని నిలబడింది. తాళం చెవి ఆవిడ చేతిలో పడితే తాడు ఆవిడ చేతిలో పడుతుంది, పడకపోతే లేదు, ఈ మాట ఎవరికీ చెప్పలేదు, అందరికీ అర్థమైంది.

ఇంటాయన జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. రింగులోంచి ఒక తాళం చెవి విడదియ్యడానికి గోరు దూర్చాడు. గోరు జారింది. మళ్ళీ దూర్చాడు. పళ్ళతో కొరికాడు. అందరూ చూస్తున్నారు, ఎవరూ సాయం చెయ్యలేదు. ఆయనకి నడిస్తే పట్టని చెమట అప్పుడు పట్టింది. చివరికి రింగు వంకరపోయి, చెవి ఊడొచ్చి, నేల మీద టంగుమని పడింది. దొరసాని వాసన చూసింది. వదిన వంగి తీసుకుంది. కళ్ళకద్దుకోలేదు, థాంక్సనలేదు, తుడిచి చూసుకోనూ లేదు, పిడికిలి మూసేసింది. చిటపట తాడు ఇచ్చింది. ఇచ్చేటప్పుడు వేళ్ళు తెరుచుకోకపోతే ఇంకో చేత్తో ఒక్కో వేలూ విప్పుకోవాల్సొచ్చింది, వెధవ వేళ్ళు.

వదిన మంచం కింద పెట్టెలోంచి చెప్పులు తీసింది, దుమ్ము దులిపి వేసుకుంది. ఆవిడ లేచిందని కుక్క లేచింది. సందు దాటి, వంటగది దాటి, హాల్లోకి వచ్చారిద్దరూ, తివాచీ మీదుగానే.

"ఎక్కడికి వదినా?" అంది ఇల్లాలు.

"తెలీదమ్మాయ్. ఇది ఎటంటే అటు."

వెళ్ళిపోయారు. గ్రిల్లు కిర్రున మూసుకుంది. తర్వాత ఇంకో చప్పుడు, చిన్నది, టక్‌మని. ముగ్గురూ ఆ చప్పుడు విన్నారు గానీ, అదేంటో మొదట ఇంటాయనకే తెలిసింది, పరుగెత్తుకెళ్ళి గ్రిల్లు లాగాడు. రాలేదు. తాళం. ఈ ఇంట్లోంచి బయటికి పోయేవాళ్ళు తాళం వేసే పోతారు, ఆవిడ చూసింది అదే, నేర్చుకున్నదీ అదే.

"నీ తాళం చెవేది?" అన్నాడు భార్యతో.

"కారులో" అంది ఇల్లాలు. కారు కింద ఉంది.

లిఫ్టు దిగుతున్న చప్పుడు. తర్వాత అదీ లేదు. ఇల్లాలు వెళ్ళి భర్త పక్కన నిలబడింది, రెండు చేతులతో ఊచలు పట్టుకుని, ముక్కు సందులోకి దూర్చి వరండా చివరిదాకా చూస్తోంది. ఆయన ఇంకో వైపు చూస్తున్నాడు. ఎక్కడో ఏ తలుపో తెరుచుకుంటే ఇద్దరి తలలూ ఒక్కసారే అటు తిరిగాయి, ఎవరూ కాదు, మళ్ళీ ఒక్కసారే దిగాయి. సరిగ్గా ఆదివారం పొద్దున్న షెల్టర్లో కనిపించే దృశ్యం. చిటపట చేతులు కట్టుకుని వాళ్ళని వెనకనుంచి చూసింది. ఒకళ్ళకి సోఫాల మీద బెంగ ఎక్కువ, ఇంకొకళ్ళకి షుగరు. వయసు మీదపడింది. మొత్తమ్మీద మచ్చికవుతారు, కరవరు. ఎవరైనా తీసుకెళ్తారో లేదో చెప్పలేం.

"అక్కా!" అని పిలిచాడు ఇంటాయన ఊచల్లోంచి. వరండా ఖాళీగా ఉంది. ఇంకోసారి పిలిచాడు, ఈసారి గట్టిగా.

"ఎప్పటికొస్తారమ్మా వాళ్ళు?" అంది ఇల్లాలు వెనక్కి తిరగకుండానే.

"కొంచెం జరగండి" అంది చిటపట. జరిగారు. చిటపట వాళ్ళిద్దరి మధ్యలో దూరి, తనూ రెండు ఊచలు పట్టుకుంది.